తెర మీద పచ్చకోక

మొన్న శ్రీకాకుళం వెళ్తుంటే భోగాపురం దాటాక చీరల కొట్టువాళ్ళ హోర్డింగు కనిపించింది. తాటిచెట్టంత పిల్ల పట్టుచీరలో నవ్వుతోంది. ఆ పిల్ల ఫలానా హీరోయిన్ అని మనవరాలు చెప్పింది గానీ, నాకు మాత్రం మా అత్త గుర్తొచ్చింది.

మా తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో విజయనగరంలో సినిమాకు వెళ్తే విశ్రాంతి వేళ కొట్ల ప్రకటనలు రంగుల బొమ్మలుగా తెర మీద పడేవి. ప్రొజెక్టర్లో పెట్టే, అరచేతిలో పట్టే గాజు పలకల మీద ఎవరో చేత్తో వేసినవే అవన్నీ. మా పేటలో ఆ ఎవరో మా అత్త, అంటే నాన్నగారి అక్క, చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. కొత్త సరుకు రాగానే బట్టల కొట్టు సావుకారు ఒక చీరా, ఒక పలకా పంపేవాడు. ఆవిడ సన్నటి కుంచెతో ముందు అంచు, తర్వాత కుచ్చిళ్ళు వేసి, ఆడోళ్ళు కోకే సూస్తారు గానీ మొకం ఎవులు సూస్తారే అంటూ మొహం ఆఖర్న ఏదో ఒకటి పెట్టేసేది. ఇంటి పరువు బజారున పడనంత వరకే ఈ సరదా అని నాయనమ్మ ముందే షరతు పెట్టింది.

ఒకసారి కుచ్చిళ్ళు కుదరక, అమ్మకు సావుకారు పంపిన చీర కట్టి ఎదురుగా నిలబెట్టుకుని వేసింది. ఆ వారమే భక్తి సినిమా ఆడుతోందని నాయనమ్మ అమ్మనీ అత్తనీ నన్నూ వెంటేసుకుని బయల్దేరింది. విశ్రాంతి చివర దీపాలు ఆరగానే తెర మీద పచ్చచీర పడింది, ఆ చీరలో అమ్మ. పలక మీద గోరంత ఉన్నప్పుడు ఎవరికీ తెలియని పోలిక గోడంత అయ్యేసరికి దాచినా దాగలేదు. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది, అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటి కోడలు తెరకెక్కిందంటే ఇక అత్త కుంచె పొయ్యిలోకేనని నాక్కూడా తెలుసు. ఆ తర్వాత సినిమాలో దేవుడు ఎవరికి ప్రత్యక్షమయ్యాడో మా ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.

సినిమా అయ్యాక ఇంటికొచ్చాం. నాయనమ్మ గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ అమ్మ వైపు తిరిగి, "ఆ పచ్చకోక నీకు బాగా నప్పినాదే. రేపెల్లి సావుకారు కాడ తెచ్చుకో" అంది. అంతే. అత్త వంటింట్లోకి వెళ్ళి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ కంచాలు పెట్టింది. నా ప్రాణం ఎంత కుదుటపడిందంటే ఆ పూట మారు అన్నం అడిగి మరీ తిన్నాను.

ఆ పలకలు దాచుకునేవి కావు, తుడిచి మళ్ళీ కొత్త బొమ్మ వేయడానికి అత్త దగ్గరికే తిరిగొచ్చేవి. అమ్మ ఉన్న పలకనూ నూతి దగ్గర ఆవిడే, గండం గడిచిందన్న తేలికతో, గుడ్డపెట్టి తుడిచేసింది. హోర్డింగు మీది పిల్ల పేరు ఇప్పుడు అందరికీ తెలుసు, ఆ ప్రకటన తయారుచేసిన వాళ్ళ పేరు మాత్రం అప్పటిలాగే ఇప్పుడూ ఎవరూ అడగరు. అమ్మకు ఆ వయసులో తీసిన ఫొటో ఒక్కటైనా లేదు. అంత నిశ్చింతగా మేం తుడిచేసుకున్నది ఆమెకున్న ఒకే ఒక్క బొమ్మని.