సర్టిఫికెట్ వచ్చేదాకా

ఆ మంగళవారం నా భార్య ఏడింటికి లేచింది. రోజూ ఐదింటికే లేచే మనిషి. టీ పెట్టి, సగం తాగి, గుండెలో బరువుగా ఉందంది. ఆటోలో రైల్వే ఆసుపత్రికి వెళ్ళాం. మధ్యాహ్నం రెండున్నరకి డాక్టరు బయటికొచ్చి నాతో మాట్లాడారు. సాయంత్రానికి ఆమెని క్వార్టర్‌కి తీసుకొచ్చాం. ఆమె పోయి నేటికి ఇరవై రోజులు. ఈ పత్రిక చదివే బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామంది ఆమెని ఎరుగుదురు. అందుకే రాస్తున్నాను.

ఆమె రైల్వే క్వార్టర్‌లో పుట్టింది, క్వార్టర్‌కే కాపురానికి వచ్చింది. గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. "మనది కాదు కదండీ" అనేది. మా ఇంట్లో కాలెండరు ఎప్పుడూ కిటికీ చువ్వకే వేలాడింది.

నా రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఊళ్ళోనే తోర్వాలో ఒక ఫ్లాట్ చూశాం. గోడలు లేచాయి, తలుపులు లేవు. ఆమె వంటగదిలో నిలబడి, సిమెంటు దుమ్ములో కాలి బొటనవేలితో గీత గీసి, గ్రైండరు ఇక్కడ అంది. "ఇది తీసీసుకుందారండీ."

నేను ఆగమన్నాను. కడుతుండగా కొంటే జీఎస్టీ పడుతుంది. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే పడదు. ఆడవాళ్ళ పేరున రిజిస్ట్రీ చేయిస్తే స్టాంపు డ్యూటీలో రాయితీ కూడా ఉంది కనుక ఆమె పేరునే తీసుకుందామన్నాను. నేను అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. కాలనీలో ఇలాంటి లెక్కలకి అందరూ నా దగ్గరికే వచ్చేవారు.

ప్రతి ఆదివారం స్కూటరు మీద వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. "భాభీజీ, మళ్ళీ వచ్చారా?" అని సైటు మేనేజరు నవ్వేవాడు. "అచ్ఛా, మీ సర్టిఫికెట్ ఏది? అది లేనిదే మా ఆయన ఇక్కడ చెప్పులు కూడా విప్పరు" అని ఆమె హిందీలో అంటించేది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా వీపు వెనకనుంచి, "ఏటండీ, గవర్నమెంటు మీద కోపం నామీద తీరుస్తన్నారా? మిగిల్చిన పన్నులో కాపరం ఉంటామేటి?" అనేది.

రెండు వర్షాకాలాలు గడిచాయి. సర్టిఫికెట్ దగ్గరపడుతున్నకొద్దీ బిల్డరు ధర పెంచుతూ పోయాడు. కొనేవాడు తప్పించుకున్న పన్ను బిల్డరు ధరలోకి చేరుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నిరుడు దీపావళికే ఆ పెరుగుదల పన్నుని దాటిపోయింది. అప్పుడు తెలిసింది. ఆమెకి చెప్పలేదు. "ఇంకా ఆగాలా?" అని ఒకసారి అడిగింది. ఇంకొంచెం అన్నాను. మళ్ళీ అడగలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక పక్క క్వార్టర్ ఆవిడ నాతో అంది: "అక్కకి అంతా తెలుసు బాబూ. 'రేటు పెరిగిపోనాది. ఆయన లెక్క తప్పినాదని ఆయన నోటితో నానెందుకు అనిపించాల? ఆ లెక్కల మీదే కదా ఇన్నాళ్ళూ తలెత్తుకుని తిరిగినారు' అన్నాది."

నన్ను అంత జాగ్రత్తగా చూసుకున్న మనిషిని నేను ఆగమంటూ కూర్చోబెట్టాను.

నిన్న సైటు మేనేజరు ఫోను చేశాడు. సర్టిఫికెట్ వచ్చిందట. భాభీజీ ఆధార్ కార్డూ, రెండు ఫొటోలూ తెమ్మన్నాడు. నేను ఫోను పెట్టేశాను. రిటైరయ్యాక ఇచ్చిన గడువు అయిపోయింది, ఈ నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చేయాలి. లాల్‌ఖదాన్‌లో ఒక గది ఉందంటున్నారు. ఎక్కడైనా ఒకటే.

రేపు పొద్దున్న తోర్వా వెళ్తాను. ఆ ఫ్లాట్ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెబుతాను. ఎందుకని అడుగుతాడు. నా లెక్క తప్పిందని అతనికి చెబుతాను.