ఆగ్నేయంలో స్విచ్చు

హ్యాండుబ్యాగులో టెస్టరు పెట్టుకు తిరిగిన ఆ రోజుల్లో, నా చేతి చలవతో వెలగని చీకటంటూ ఉండదని గట్టి నమ్మకం నాకు. రాయగడలో ఎలక్ట్రికల్ డిప్లొమా అవగానే సెమిలిగుడలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. మకాం అక్కడే, పెదనాన్నగారింట్లో. వెళ్ళిన రోజే నా నమ్మకం సగం చల్లారింది. సునాబెడ ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసినన్నాళ్ళూ వీధంతా వినబడేలా నవ్విన మనిషి, పక్షవాతంతో కుడిపక్క పడిపోయి గోడవైపు తిరిగి పడుకునున్నాడు. ఎడమచేతికైనా పని చెప్పమన్నాడట డాక్టరు. "ఏటి సెయ్యడానికి?" అనేసి మళ్ళీ గోడకేసి తిరిగిపోయేవాడు. బయట ఎడతెగని వాన. ఇంట్లో మాట్లాడేది పెద్దమ్మ ఒక్కర్తే, అదీ గిన్నెలతో.

ఆ వానల్లోనే వంటింట్లో పాత వైరు కాలిపోయింది. ఆవిడది రెండు కాయిళ్ళ కరెంటు పొయ్యి (గ్యాసంటే భయం). దానికి సొంత మీటంటూ లేదు. గోడ స్విచ్చు వేస్తే రాజుకుంటుంది, ఆపితే ఆరుతుంది. మెయిన్ బోర్డు నుంచి లావుపాటి వైరు లాగి, పెద్ద స్విచ్చొకటి పొయ్యి పక్కనే బిగిస్తానన్నాను. పెద్దమ్మ ససేమిరా అంది.

"ఈ అద్దె కొంపలో వంటిల్లు ఈశాన్యంలో ఏడిసింది. అందుకే మీ పెదనాన్నకి ఇలగయినాది. నిప్పు ఆగ్నేయంలో ఉండాలమ్మీ. పొయ్యి జరపలేం గానీ స్విచ్చయినా అక్కడెట్టు."

"స్విచ్చు నిప్పు కాదు పెద్దమ్మా!"

"అది ఎయ్యకపోతే నిప్పెక్కణ్ణించొస్తాదే?"

డిప్లొమా పక్కనబెట్టి దిక్కులు లెక్కేశాను. ఇంటి ఆగ్నేయ మూల పెదనాన్న మంచం పక్కన పడింది. ఆయన వీపువైపు గోడ అది, అంతా సున్నం రాలుతోంది. గట్టి చోటు మంచం ఎత్తులోనే దొరికింది. బిగించేశాను, మట్టం పెట్టి చూసుకుని మరీ.

ఇక నా అవస్థ చూడండి. పొయ్యి ఒక గదిలో, స్విచ్చు ఇంకో గదిలో. "ఎయ్యమ్మీ!" అంటే పరుగు, "ఆపమ్మీ!" అంటే పరుగు. ఒక పొద్దున నేను స్నానాలగదిలో తలనిండా సబ్బు నురగతో ఉండగా కేక వినబడింది: "అమ్మీ, పాలు పొంగిపోతన్నాయే, ఆపే!" నేను తువ్వాలు వెతుక్కునేలోపు టక్కుమని చప్పుడు. బట్టలు చుట్టబెట్టుకుని వచ్చి చూద్దునుకదా, పెదనాన్న ఎడమచెయ్యి స్విచ్చు మీదుంది. వంకరపోయిన మూతితో "ఆపీసేను" అన్నాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి అది ఆయన ఉద్యోగం. నన్ను దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం కూరలో ఉప్పు తగ్గితే సాయంత్రం చారు మరగకముందే పొయ్యి చల్లబడేది. "టీ ఇవ్వకపోతే ఎయ్యను" అని ఈ గదిలోంచి ఆయన, "ఎయ్యకపోతే టీ ఎలగండీ?" అని ఆ గదిలోంచి ఆవిడ. గోడవైపు తిరగడం మానేశాడు, స్విచ్చు ఇటువైపుంది కదా. నేనేదో ధన్వంతరి చెల్లెల్నన్నట్టు మురిసిపోతూ ఉండగానే, మరుసటి వానల్లో పక్షవాతం రెండోసారి వచ్చి ఆయన్ని తీసుకుపోయింది.

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన పొద్దున, పెద్దమ్మ తనే స్విచ్చు వేసొచ్చి పాలు పెట్టింది. పొంగు రాగానే అలవాటుకొద్దీ "ఆపండీ!" అని కేకేసింది. ఎవరూ ఆపలేదు. పక్కనే ఉన్న నేనూ ఆ టక్కుమనే చప్పుడు కోసమే చెవొగ్గాను. కాయిళ్ళ మీద మాడిన పాల వాసన ఇల్లంతా కమ్మేసింది. మర్నాడు స్క్రూడ్రైవరు తీసి, స్విచ్చు వంటింట్లోకి మార్చేస్తానన్నాను.

"ఉండనీయమ్మీ," అంది. "ఆపడానికని ఆరి గదిలోకి ఓపాలి ఎల్లొచ్చినట్టుంటాది."

ఇప్పుడు కొరాపుట్‌లో కట్టే ఇళ్ళకు వైరింగు ప్లాన్లు గీయడం నా పని. పొయ్యి స్విచ్చు వంటచేసేవాళ్ళ చేతికందేలా ఉండాలని అందరికీ గట్టిగా చెబుతుంటాను. చెప్పినప్పుడల్లా, మట్టం పెట్టి మరీ తప్పు గదిలో స్విచ్చు బిగించిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత చక్కటి వైరింగు నేను మళ్ళీ చెయ్యలేదు.