ద్వారపూడి దాటిన పుస్తకం

"మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పవే" అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, వెంటనే భయమూ వేస్తుంది. చీర బాగుందని చెప్పడం తేలిక, నచ్చకపోతే మడిచి తిరిగిచ్చేస్తారు. పుస్తకం అలా కాదు. మనకి ప్రాణమైనదాన్ని ఎదుటివాళ్ళ చేతిలో పెట్టి, వాళ్ళు మొహం చిట్లిస్తుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడాలి. అందులోనూ నేను చెప్పేవి మామూలు పుస్తకాలు కావు.

కోటలూ గుర్రాలూ ఉండే జానపదాలు కావు నావి. మన కాలంలో, మన టౌనుల్లో, కరెంటు స్తంభాల కిందా సిటీ బస్సుల్లోనూ మాయ జరిగే నవలలు. అర్బన్ ఫాంటసీ అని వాటికొక పేరుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో మా ఇంట్లో వాటి పేరు పిచ్చి పుస్తకాలు. అలాంటివి రాసేవాళ్ళు తెలుగులో నాకు తెలిసి ముగ్గురో నలుగురో ఉండేవారు. వాళ్ళ నవలలు అద్దె పుస్తకాల షాపులో అట్ట చిరిగి, అడుగు అరలో పడి ఉండేవి. తీసుకెళ్ళేదాన్ని నేనొక్కదాన్నే.

చదవడం ఒంటరిగా చదవచ్చు. చదివాక నోరు మూసుకుని ఉండటమే నరకం. అమ్మతో చెప్పబోతే "ముందు పొయ్యి మీద పాలు చూడు" అనేది. ఆఫీసులో నా పక్క సీటాయన "మాకు చెవిలో పువ్వులు పెడతన్నారేంటండీ" అని నవ్వేవారు. నేను చదివిందే చదివి, నాతో దాని గురించి మాట్లాడే ఒక్క మనిషి ఉంటే చాలని చిన్నప్పటినుంచీ కోరిక. వినడానికి ఇది చిన్న కోరికలాగే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా తీరకపోతే తెలుస్తుంది దాని బరువు.

తొంభైల చివర్లో నేను సామర్లకోట నుంచి రాజమండ్రిలో ఉద్యోగానికి రోజూ ప్యాసింజరు రైల్లో వెళ్ళేదాన్ని. లేడీస్ పెట్టెలో సీజన్ టికెట్ల వాళ్ళం ఏడెనిమిదిమందిమి ఒకచోట కూర్చునేవాళ్ళం. టీచర్లూ, గుమస్తాలూ, ఒక నర్సూ. అందరికీ కలిపి పుస్తకం ఒక్కటే. ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు గోరుచిక్కుళ్ళ ఈనెలు తీసుకుంటూనో, స్వెట్టరు అల్లుకుంటూనో వినేవారు. ఏ పుస్తకమో ఎంచుకోవడం వంతులవారీగా వచ్చేది. ఎంచుకున్నవాళ్ళే చదవాలి. ఎవరైనా ఆ రోజు రాకపోతే పుస్తకం తెరవకూడదు.

వీటన్నిటికన్నా పెద్ద రూలు ద్వారపూడి రూలు. కొత్త పుస్తకం మొదలుపెట్టిన రోజున, రైలు ద్వారపూడిలో ఆగగానే చదివేవాళ్ళు పుస్తకం మూసెయ్యాలి. ఎవరో ఒకరు "ఊఁ, తర్వాత?" అనాలి. అంటే పుస్తకం గెలిచినట్టు. ఎవరూ అనకపోతే మారు మాట్లాడకుండా సంచిలో పెట్టుకోవాలి. మూడుసార్లు అలా సంచిలో పెట్టుకున్న మనిషికి ఇక జన్మలో వంతు ఉండదు, వినడమే. ఈ రూలు ఎవరు పెట్టారో నాకు తెలియదు గానీ, పెట్టినవాళ్ళ మీద చాలాసార్లు ఒళ్ళు మండింది.

ఎందుకంటే నావి రెండు అప్పటికే పోయాయి. మొదటిసారి తెచ్చింది అపార్టుమెంట్ల గురించి రాసే ఒక కుర్ర రచయితది. పుస్తకం తెరవకుండా మేడపాడు దాకా ఆయన గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత నాలుగో అంతస్తులో గోడలోంచి చెయ్యి వచ్చే అధ్యాయం చదివితే, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే అక్క "ఆ చేతికి గాజులున్నాయేంటే?" అంది. పెట్టె పెట్టంతా ఘొల్లుమంది. ద్వారపూడిలో వినిపించిన ఒకే ఒక్క మాట "వంకాయలు ఎంతకి తెచ్చావు?" అని. రెండోసారి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి నవల. సబ్ స్టేషన్లలో యక్షులు కాపురముంటారు, కరెంటు పోయినప్పుడల్లా వాళ్ళింట్లో పెళ్ళి. నాకు మహా ఇష్టం. కానీ ఆయన ట్రాన్స్ ఫార్మరు గురించే మూడు పేజీలు రాశారు. బిక్కవోలు దాటేసరికి నర్సు గారు గురక పెట్టారు.

ఈ రెండుసార్లూ మొహం ముడుచుకుని కూర్చున్నది హెడ్ మిస్ట్రెస్ గారు. కడియంలో హైస్కూలుకి ఆవిడ హెడ్. చర్చి క్వయర్లో ముందు వరసలో పాడే గొంతు, ఇస్త్రీ చెడని నేత చీర, ముక్కు మీద కోపం. కేశవరం రాగానే లేచి గొడుగు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడేవారు. ఆవిడ లేచారంటే వచ్చేది కడియమే. పెట్టెలో వాచీలన్నీ ఆవిణ్ణి చూసి సరిచేసుకునేవాళ్ళం.

"అమ్మాయ్, పొద్దున్నే ప్రార్థన చేసుకుని బయల్దేరినదాన్ని. ఈ దెయ్యాల గోల నా చెవిన వెయ్యకు. ఒకమ్మా, అబ్బా, కష్టం, సుఖం ఉన్న కథ దొరకదేంటి నీకు?" అన్నారు ఇంజనీరు గారి పుస్తకం పోయిన రోజున.

"ఇందులోనూ కష్టసుఖాలే ఉన్నాయి మేడమ్ గారండీ."

"కష్టపడేది మనిషైతే వింటాను."

ఆ మాట నన్ను నెల్లాళ్ళు నిద్రపోనివ్వలేదు. కోపంతోనే అనుకోండి. కానీ కోపం చల్లారాక అందులో నాకు పనికొచ్చేది ఒకటి కనిపించింది. నేను నాకు నచ్చినవి తెస్తున్నాను గానీ, ఎవరు వింటున్నారో చూడటం లేదు. ఈ పెట్టెలో ఉన్నవాళ్ళంతా రోజూ బండెక్కి ఉద్యోగానికి పోయే ఆడవాళ్ళు. వాళ్ళకి గోడలోంచి చెయ్యొస్తే నవ్వొస్తుంది. అదే టికెట్టు విషయంలో తేడా వస్తే?

అందుకని మూడోసారి ఒక రచయిత్రి నవల తెచ్చాను. ఆవిడ పేరు మా షాపువాడికి కూడా సరిగ్గా తెలియదు. ఈసారి ఉపన్యాసం లేదు. రచయిత్రి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మాయ ఉందనీ చెప్పలేదు. "ఒక లేడీ కండక్టరు కథండీ" అని మొదలుపెట్టాను. ఇది పోతే నాకు వంతు పోతుంది, అది పోతే పోయింది, నా పుస్తకాల గురించి ఈ భూమ్మీద ఎవరితోనైనా మాట్లాడే ఆశ కూడా పోతుంది.

కథలో సిటీ బస్సు కండక్టరు చిల్లర కోసం రోజంతా పోట్లాడుతుంది, ఇంటికెళ్ళి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుంటుంది. అనపర్తి దాకా అంతే. నర్సు గారు "నా కాళ్ళూ అంతే" అన్నారు, నిద్రపోలేదు. అప్పుడు బస్సులోకి ఒక ముసలాయన ఎక్కుతాడు. బస్సు వెళ్ళే ఆఖరి స్టేజీకి అవతల, అసలు లేని స్టేజీకి టికెట్టు అడుగుతాడు. ఆవిడ విసుక్కుని ఆఖరి స్టేజీకే టికెట్టు కొట్టి ఇస్తుంది. ఆయన దిగడు. డిపోకి వెళ్ళాక చూస్తే సీట్లో ఉండడు. మర్నాడు మళ్ళీ ఎక్కుతాడు. మర్నాడూ అంతే. ఒకరోజు కండక్టరు ఆ లేని స్టేజీ పేరే టికెట్టు మీద రాయడానికి పెన్ను తీసింది.

ద్వారపూడి వచ్చేసింది. రైలు ఆగింది. పుస్తకం మూశాను.

ఎవరూ మాట్లాడలేదు. అక్క నా వైపు చూడకుండా చిక్కుళ్ళు సంచిలోకి ఎత్తుతోంది. ప్లాట్ ఫారం మీద ఎవరో "ఇడ్లీ, ఇడ్లీ" అని అరుస్తున్నాడు. గార్డు విజిల్ వేశాడు. నేను పుస్తకాన్ని సంచిలో పెట్టేసుకున్నాను, జిప్పు సగం లాగాను కూడా.

"మూసేశావేంటి?" అన్నారు హెడ్ మిస్ట్రెస్ గారు. కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. "ఆ టికెట్టు రాసిందో లేదో చెప్పి మూసుకో."

అక్క కెవ్వుమంది. "అన్నారండోయ్! మేడమ్ గారే అన్నారండోయ్!"

"నేనేం అనలేదు. సగంలో ఆపకుండా కథ చెప్పమన్నాను, అంతే" అన్నారావిడ. పుస్తకం మళ్ళీ తీశాను. సంతోషంతో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కండక్టరు టికెట్టు రాసింది. ఆఖరి స్టేజీ దగ్గర అందరూ దిగిపోయాక బస్సు ఆగలేదు. నేను తలెత్తలేదు. ఒక పేజీ తర్వాత ఒక పేజీ, గొంతెండిపోతున్నా మంచినీళ్ళు తాగలేదు.

"అయ్యో! అయ్యయ్యో! కడియం ఏదీ?"

తలెత్తితే రాజమండ్రి స్టేషను. హెడ్ మిస్ట్రెస్ గారు ఎదురుగా కూర్చునే ఉన్నారు, గొడుగు పైన బెర్తు మీదే ఉంది. కేశవరంలో ఆవిడ లేవలేదు. ఆవిడ లేవలేదు కాబట్టి కడియం వచ్చిందని మాలో ఎవరికీ తెలియలేదు. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. "ఇన్నేళ్ళ సర్వీసులో బెల్లుకి ముందు స్కూల్లో లేకుండా ఒక్కరోజు లేను నేను! నీ కండక్టరు తగలడా!" అని నా మీద గయ్యిమని, విసవిసా వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ రైల్లో లేరు. రూలు ప్రకారం పుస్తకం తెరవలేదు. ఆ తర్వాతి రోజూ లేరు. పెట్టెలో మిగతావాళ్ళకి పిచ్చెక్కిపోతోంది. "ఒక్క ముక్క చెప్పవే, ఆ బస్సు ఎక్కడికెళ్ళిందే?" అని అక్క నా చెయ్యి గిల్లింది. కొన్ని నెలల కిందట ఇదే అక్క గాజుల గురించి నవ్వింది. ఇంకొకప్పుడైతే నేను గాల్లో తేలేదాన్ని. కానీ నా కళ్ళు ఆ ఖాళీ సీటు మీదే ఉన్నాయి. ఆవిడ అలిగి వేళ మార్చుకున్నారనీ, నేను పుస్తకం గెలిచి మనిషిని పోగొట్టుకున్నాననీ అనుకున్నాను.

మూడో రోజున సామర్లకోటలో రైలు కదలబోతుండగా ఎక్కారు. వచ్చి కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి "ఇలా రా అమ్మాయ్" అన్నారు. చీవాట్లకి సిద్ధపడి వెళ్ళాను.

"ఆవేళ స్కూలుకెళ్ళలేదు" అన్నారు గొంతు తగ్గించి. "సీఎల్ పెట్టేశాను. రాజమండ్రంతా తిరిగి ఆ పుస్తకం కొన్నాను. స్టేషన్లో బెంచీ మీదే కూర్చుని పూర్తి చేశాను."

నేను తలుపు కమ్మీ పట్టుకుని ఆవిడ దగ్గరికి జరిగాను.

"ఈ రెండు రోజులూ ముందు బండికి వెళ్ళాను. మీ మొహాలు చూడ్డానికి సిగ్గేసింది. ఇంట్లో మా ఆయనతో చెప్పబోతే పేపరు దించలేదు. స్కూల్లో చెబితే నవ్వుతారు. ఎవరితో మాట్లాడాలో తెలీక కడుపుబ్బిపోయిందనుకో. ఇప్పుడు చెప్పు, ఆ కండక్టరు తిరిగొచ్చిందా, రాలేదా?"

"రాలేదండి" అన్నాను. "అక్కడే ఉండిపోయిందండి. అందుకే అది అంత గొప్ప పుస్తకం."

"నీ మొహం! ఆఖరి పేజీలో బస్సులో గంట రెండుసార్లు మోగుతుంది కదా. రెండు గంటలు కొట్టి బండి పోనిమ్మనేది ఎవరు? కండక్టరు కాక ఇంకెవరు?"

ఆ పుస్తకం నేను అప్పటికే నాలుగుసార్లు చదివాను. గంటలు నాకు వినపడలేదు. అయినా ఒప్పుకుంటానా? "అది ఇంకో కండక్టరై ఉండొచ్చు కదండీ!" అన్నాను. "ఇంకో కండక్టరు ఎక్కడినుంచి ఊడిపడుతుంది, సరిగ్గా చదువు!" అని ఆవిడ తలుపు కమ్మీ మీద కొట్టారు. లోపలనుంచి అక్క రెండు చెవులూ మూసుకుని "ఓయ్, మాకు ఆఖరు చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను!" అని అరుస్తోంది. మేం గొంతులు తగ్గించాం, నిమిషంలో మళ్ళీ పెంచాం. బిక్కవోలు పోయింది, అనపర్తి పోయింది. ద్వారపూడిలో రైలు ఆగినా మేం ఆగలేదు. ఆ పెద్దావిడ వేలు చూపిస్తూ నన్ను తిడుతున్నారు, నేను తగ్గకుండా ఎదురు చెబుతున్నాను, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నా జన్మలో నేను అంత సంతోషంగా ఎవరితోనూ పోట్లాడలేదు.