గుండు మీద హెల్మెట్

మా బావ పోయాడని మొన్న మంగళవారం చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, కూర్చున్న కుర్చీలోనే కన్నుమూశాడట. వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ప్రాణానికి తెగించి మోటారుసైకిళ్లు తోలినవాడు కుర్చీలో పోవడమేమిటి? తిరుపతి నుంచి బస్సులో వెళ్తున్నంతసేపూ మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. ఆయన బతికుండగా మాత్రం పోట్లాడని రోజుందా! బావంటే నాకు ప్రాణం. ఈ మాట ఎదురుగా చెప్పి ఉంటే ఊరంతా వినేలా వెక్కిరించేవాడు కాబట్టి ఎప్పుడూ చెప్పలేదు.

బావంటే మా అక్క భర్త. చిత్తూరు బజారులో బట్టల కొట్టు. ఏడాది పొడుగునా మీటరు బద్దతో గుడ్డ కొలిచే మనిషి, ఏడాదికొకసారి మాత్రం మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద జరిగే మోటారుసైకిల్ పందేలకు పోయేవాడు. అక్కడికి కంపెనీల తరఫున వచ్చేవాళ్లకు డేరాలు, మెకానిక్కులు, అదనపు బండ్లు ఉండేవి. మా బావకు ఉన్నది ఒకే బండి. శనివారం దాకా చీరల మూటలు మోసిన బండే ఆదివారం పందెంలో దిగేది. అక్కడికి చేరాక హెడ్‌లైటు, అద్దాలు ఊడదీసి గోనెసంచిలో కట్టేవాడు. పందెం కాగానే మళ్లీ బిగించుకుని దాని మీదే ఇల్లు చేరాలి. బండి విరిగితే సోమవారం వ్యాపారమూ ఆగినట్టే.

భోజనం దగ్గరా అదే గోల. విస్తట్లో అన్నం మీద వేలితో గీత గీసి చూపించేవాడు.

"మలుపులో ముందుండే బండిని సూడగూడదు బామ్మర్దీ. మలుపు దాటినాక యాడికి పోవాల్నో ఆడ సూడాల."

"ముందు నీ చారు సూడు బావా. మలుపు తిరక్కుండా నేల మీదికి పోతాండాది" అనేవాణ్ని నేను.

నాకు బండి నేర్పిందీ ఆయనే. నేను కంపలో పడి మోచేతులు గీరుకుని లేస్తే, "బండికేం గాలేదు గదా?" అని అడిగాడు. ఆ తరువాత తనే నన్ను ఇంటికి తీసుకుపోయి, అక్క చూడకముందే పసుపు అద్దాడు.

ఎనభైల మొదట్లో ఒక ఏడు అక్క అడ్డం తిరిగింది. అంతకుముందు ఏడు బావ భుజం ఎముక విరగ్గొట్టుకుని వచ్చాడు. ఇంట్లో రెండేళ్ల పాప. "పందెం కావాల్నో, మేము కావాల్నో తేల్చుకో" అంది. బావ దిగొచ్చి, ఈసారికే, ఇదే ఆఖరు అని వాళ్లమ్మ మీద ఒట్టేశాడు. అక్క నమ్మలేదు. "ఆఖరుదో కాదో నా కండ్లతో సూస్తా" అని, పాపను అత్త దగ్గర వదిలి తనూ బయల్దేరింది. తోడుగా నన్ను లాగింది.

ఈలోగా బావ వాళ్లమ్మ ఇంకో పని చేసింది. కొడుకు క్షేమంగా తిరిగొస్తే తలనీలాలు ఇప్పిస్తానని వెంకన్నకు మొక్కుకుంది. మొక్కుకున్నవాళ్లు కోరిక తీరాక కదా చెల్లిస్తారు? ఆమె అలా కాదు. "పనైనాక ఇస్తామంటే సామి మాత్రం ఎందుకు నమ్మల్ల? ముందే ఇచ్చేస్తే ఆయనే సూసుకుంటాడు" అని, పందెం వారంలోనే కొడుకును కొండకు తీసుకుపోయి గుండు కొట్టించింది. అంగడి బుద్ధి యాడికి పోతుంది, దేవుడికే అడ్వాన్సు! ఆ రోజుల్లో బావకు చెవులు కప్పేసేంత ఒత్తైన ఉంగరాల జుట్టు ఉండేది. అది పోయేసరికి తల సగమైంది. ఆ సంగతి హెల్మెట్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున షోలవరంలో బండ్ల తనిఖీ. బ్రేకులు బాగున్నాయి, చైను బాగుంది. హెల్మెట్ పెట్టుకోమని, తనిఖీ చేసే పెద్దాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. హెల్మెట్ తిరిగింది, తల తిరగలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దాయన నవ్వలేదు. ఇలా వదులుగా ఉంటే పందెంలోకి దింపనని, మధ్యాహ్నంలోగా సరైనది తెచ్చుకుంటే చూస్తానని తమిళంలో ఖండితంగా చెప్పాడు. అరువు అడగబోయాం. ఇచ్చే మనసున్నవాళ్లంతా అదే పందెంలో ఉన్నారు, ఎవరి హెల్మెట్ వాళ్ల నెత్తికే కావాలి.

బావ బండి పక్కన మట్టిలో కూలబడ్డాడు. గుండు మీద చెయ్యి పెట్టుకుని, ఎటో చూస్తూ, ఒక్క మాట లేదు. ఆయన నోరు మూతబడగా చూడటం నాకదే మొదలు. అయినా లోపల హమ్మయ్య అనిపించింది. అక్క కోరుకున్నది ఇదే కదా. పందెం దానంతటదే తప్పిపోయింది. ఆమె ఊరికే ఉంటే చాలు.

"మజ్జిగ తాగి ఇంటికి పోదాం పా అక్కా" అన్నాను.

అక్క కదల్లేదు. ఆయన వైపే చాలాసేపు చూసింది. తరువాత, "రేయ్, ఆ హెల్మెట్టు ఇట్ల తే" అంది.

కండ్లతో చూస్తానని వచ్చిందే గానీ, పందెం కంటబడకుండా పాప గౌను కుట్టుకుంటూ కూర్చుందామని సూదీ దారం వెంట తెచ్చుకుంది. గుండుకు ఎండ తగలకుండా కొట్లోంచి తెచ్చిన కొత్త తుండుగుడ్డను నిలువునా చించింది. మడతలు వేసి హెల్మెట్ లోపల కుట్టింది. బావ తలకు పెట్టి చూసి, మళ్లీ విప్పి, ఇంకో మడత వేసింది. వేలికి సూది గుచ్చుకుంటే చీరకు తుడుచుకుంది.

"ఇప్పుడు తల ఊపు. అట్ల గాదు. మీయమ్మ సెప్పినదానికల్లా ఊపుతావే, అట్ల ఊపు" అంది. అప్పుడు నవ్వాడు బావ.

ఈసారి పెద్దాయన తిప్పితే హెల్మెట్‌తో పాటు బావ మొత్తం తిరిగాడు. పొమ్మన్నాడాయన.

పందెం జరుగుతున్నంతసేపూ అక్క దానికి వీపు పెట్టి కూర్చుని గౌను కుట్టింది. బండ్లు హోరుమని దగ్గరికి వచ్చినప్పుడల్లా సూది ఆగేది.

"ఉండాడా?"

"ఉండాడక్కా."

సూది మళ్లీ కదిలేది. చివరి మలుపులో బావ ఒక కంపెనీ బండిని లోపలి వైపు నుంచి దాటేసి నాలుగోవాడుగా వచ్చాడు. నాలుగోవాడికి కప్పు లేదు, దండా లేదు. ఒళ్లంతా దుమ్ముతో వచ్చి అక్క ముందు నిలబడి, "ఆఖరుది బాగానే తోలినా గదా" అన్నాడు. అక్క "ఊ" అని పెరుగన్నం పెట్టింది. తిన్నాక ఆయన హెడ్‌లైటు బిగిస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు.

వాళ్లిద్దరూ బండి మీద బయల్దేరారు, నేను బస్సెక్కాను. పొద్దుగూకే వేళ, తిరుత్తణి దాటాక, కిటికీలోంచి వాళ్లు కనిపించారు. మధ్యాహ్నం కంపెనీ బండిని దాటిన మనిషి రోడ్డు అంచున ఎడ్లబండిలా పోతున్నాడు. మా బస్సు హారన్ కొట్టి దాటేసింది. ఆయన తల తిప్పి చూడనైనా లేదు. అక్క ముందుకు వంగి ఆయన చెవిలో ఏదో అంది. కాసేపటికి ఇంజను అరుపు వినబడింది. గుండు నిగనిగలాడుతూ, వెనక అక్క ఎగిరే కొంగును గుప్పిట పట్టుకుని ఉండగా, బావ నా కిటికీ పక్కకు వచ్చాడు, ముందుకు వెళ్లాడు, బస్సును దాటి దుమ్ములో కలిసిపోయాడు. డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆ తరువాత కూడా బావ కొన్నేళ్లు షోలవరం పోయాడు. అక్క వద్దనలేదు, వెంట వెళ్లి వీపు పెట్టి కూర్చునేది. చివరికి మోకాలు వంగనంటే ఆయనే మానుకున్నాడు. ఒట్టు మాట అంటారా, వాళ్లమ్మ తొంభై దాటేదాకా నిక్షేపంగా బతికింది.

మొన్న వచ్చినవాళ్లంతా వెళ్లాక అక్క పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ అడగనిది అడిగాను.

"ఆ పొద్దు రోడ్డు మీద బావ చెవిలో ఏం సెప్తివక్కా?"

అక్క బావ కూర్చునే కుర్చీ వైపు చూసింది.

"మట్టిలో కూలబడినాడు సూడు, అట్లాంటి మనిషితో నేనెట్లరా కాపురం జేసేది? ఇంటికి ఆ పందేల మనిషినే తోలుకుపోవాలనుకున్యా. అందుకే అడిగినా, ఈ బస్సును గూడా దాటలేవా అని."

కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయి ఉంది. గాలన్నదే లేని ఆ గదిలో, ఎగిరిపోతుందన్నట్టు, అక్క కొంగును గట్టిగా పట్టుకుని కూర్చుంది.