అమ్మ చేతికి లైసెన్సు

మా అమ్మ జగ్గయ్యపేటలో బాలింతలకు ఒళ్ళు పట్టేది. పురుడొచ్చిన ఇంటికి తెల్లారేసరికి వెళ్ళి, తల్లికి ఆముదంతో నడుమూ కాళ్ళూ మర్దన చేసి, వేడినీళ్ళు పోసి, ఆ తర్వాత చాపిన కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె పట్టేది. పెద్ద రైతుల ఇళ్ళకు దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళేది, మా వాళ్ళ ఇళ్ళకు వీధిగుమ్మంలోంచి. ఎక్కడికి వెళ్ళినా పని ఒకేలా చేసేది.

నాకు మాత్రం తలంటింది ఎప్పుడూ మా అమ్మమ్మే. అమ్మ ఇంటికొచ్చేసరికి భుజాలు లాగేస్తుండేవి, వస్తూనే మంచం మీద వాలిపోయేది. ఆదివారం చర్చికి వెళ్ళేముందు అమ్మమ్మ నా నెత్తిన చమురు పోసి, ఎవరి మీది కోపమో నా మీద తీర్చుకుంటున్నట్టు బాదేది. అమ్మ చేత ఒళ్ళు పట్టించుకోవాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను. అడిగితే, "నీ పురుటికి చూడవే, నిన్ను మంచం దిగనిస్తానా" అనేది. ఆ మాట పట్టుకునే పెరిగాను. పెళ్ళయి, టీచరు ఉద్యోగంలో చేరి, నెల తప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బిడ్డ కాదు, అమ్మ చెయ్యి. ఈ సంగతి మా ఆయనకు చెబితే నవ్వాడు. నవ్వనీ.

సరిగ్గా అప్పుడే రూలొచ్చింది. అరవైల మొదట్లో మాట. పక్క ఊళ్ళో ఎవరో మంత్రసాని మురికి చేత్తో బొడ్డుకు బూడిద అద్దిందని, ఆ పసిగుడ్డు ధనుర్వాతంతో పోయిందని చెప్పుకున్నారు. ఇక మీదట నందిగామ ఆసుపత్రిలో తర్ఫీదై లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే బాలింతల్నీ పసిపిల్లల్నీ ముట్టుకోవాలని, హెల్త్ విజిటరు ఇళ్ళకొచ్చి తనిఖీ చేస్తుందని దండోరా వేయించారు. ఆ రూలు తప్పని నేను ఇప్పటికీ అనను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఎవరనగలరు?

అమ్మ సంతోషంగానే వెళ్ళింది. మొదటి రోజే అందరి చేతా చేతులెత్తించి, లైసెన్సు రాకుండా ఎవరినీ ముట్టుకోబోమని ప్రమాణం చేయించారట. కత్తెర మరగబెట్టడం, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవడం నేర్చుకుంది. ఇంటికొచ్చి మా అందరి గోళ్ళూ కత్తిరించేసింది. మా నాన్న మొత్తుకుంటున్నా వదల్లేదు. ఆ సబ్బు వాసన తనకు ఎంత నచ్చిందంటే, అన్నం తినేముందు అరచెయ్యి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేది.

పరీక్ష రోజున నేనూ తోడు వెళ్ళాను. అప్పటికి నాకు నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఒక గుడ్డబొమ్మ పెట్టారు. పసిబిడ్డంత ఉంది. దూది కూరి, పైన రబ్బరు షీటు కుట్టారు. ఒక్కొక్కరూ వచ్చి దానికి నూనె పట్టి చూపించాలి. అమ్మ వంతు వచ్చింది. చేతులు కడుక్కుంది. అరచేతిలో నూనె పోసుకుని రెండు చేతులూ రుద్ది వెచ్చబెట్టింది. బొమ్మ దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మా, పట్టు" అంది హెల్త్ విజిటరు.

"పట్టలేనండి. ఊపిరి లేని ఒంటికి నూనె పెట్టేది ఆఖరి స్నానానికేనండి. అట్టా పెట్టిన చేత్తో మళ్ళీ పసిబిడ్డని పట్టకూడదండి మేము."

అది నిజమే. ఒళ్ళు పట్టే పాతవాళ్ళలో ఆ పట్టింపు ఉండేది. మా అమ్మమ్మ పోయినప్పుడు కూడా, కన్నకూతురై ఉండి అమ్మ దూరంగా నిలబడితే, పిన్నులే స్నానం చేయించారు.

"ఇది బొమ్మేగదమ్మా" అంది ఆవిడ, పాపం, మెత్తగానే.

"బొమ్మేనండి. ఆ సంగతి నాకు తెలుసుగానీ నా చేతికి తెలీదండి."

ఎవరి బిడ్డనైనా తెప్పించమని అమ్మ బతిమాలింది. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చి, లైసెన్సు లేనివాళ్ళ చేతికి ఆసుపత్రి బిడ్డను ఎలా ఇస్తామంది. ఆవిడ చెప్పిందీ న్యాయమే. ఎవరినని తిట్టను? బస్సులో దారంతా అమ్మనే సాధించాను. "గుడ్డల మూటమ్మా అది. ఒక్కసారి రాసి కడిగేసుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

మర్నాటి నుంచి అమ్మ ఇల్లు కదల్లేదు. పురుటి ఇళ్ళవాళ్ళు బండి కట్టుకుని వచ్చి, "ఎవరు చూడొచ్చారు, రావమ్మా" అంటే, "మాటిచ్చానండి, రాకూడదండి" అని తిప్పి పంపేది. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కోడలి కోసం దాదాపు దణ్ణం పెట్టాడు. ఆయన వెళ్ళాక అమ్మ లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

నాకు ఆడపిల్ల పుట్టింది. నాకు ఒళ్ళు పట్టడానికి, అమ్మతోపాటే తర్ఫీదై, ఆ బొమ్మకు నూనె పట్టి లైసెన్సు తెచ్చుకున్న ఆవిడను పిలిపించారు. మంచి మనిషే, ఆవిడకేం వంక పెట్టను. అమ్మ నీళ్ళు కాచింది, నూనె వేడి చేసింది, గిన్నె తెచ్చి పీట పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడ నా నడుం మీద చెయ్యి వేసిన ప్రతిసారీ అమ్మ వేళ్ళు కొంగును పిసుకుతూ ఉండేవి. మూడోనాడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ వెళ్ళాక అడిగేశాను.

"ఇది మనిల్లు. నేను నీ కూతుర్ని. ఇంత నూనె తీసుకుని నా నడుం మీద రాస్తే ఎవరొచ్చి అడుగుతారే?"

"ఎవరూ అడగరు తల్లీ" అంది. నూనె గిన్నె తీసి పక్కన పెడుతూ, "ఆ పెనుగంచిప్రోలు పెద్దాయన్ని రానని పంపించా. ఆ పిల్లకి రానని చెప్పి నా కూతురికి పట్టానంటే, నేనేం మనిషినే" అంది.

నేను గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. నా వెనక అమ్మ కూడా ఏడుస్తోందని తెలిసినా తిరగలేదు. తర్వాత కూడా నందిగామలో అదే బొమ్మ, అదే పరీక్ష. అమ్మ మళ్ళీ వెళ్ళలేదు. నా రెండో కాన్పు నాటికి అమ్మ లేదు.

ఈమధ్య నందిగామ బస్టాండులో ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. తన పిల్లలందరికీ అమ్మే నీళ్ళు పోసిందట. "మీ అమ్మ చెయ్యి నడుం మీద పడితే పోయిన ప్రాణం లేచొచ్చేదమ్మా. ఇన్నేళ్ళయినా నా ఒంటికి గుర్తే. నీకు చెప్పాలా, కన్నకూతురివి" అంది.

అవునండి అన్నాను. బస్సొచ్చిందాకా ఆవిడ పక్కనే కూర్చుని, ఎలా పట్టేదో చెప్పమని మళ్ళీ మళ్ళీ అడిగాను.