గెరోల్డ్ ఆడిన ఒకే ఒక్క అబద్ధం

మా అరబ్బు రేవు ఏడెన్‌లో టీకొట్ల దగ్గర పందెం తెగకపోతే "పదండి, గెరోల్డ్‌ని అడుగుదాం" అనేవాళ్లు. ఆట గురించే కాదు, మేక కొనబోయేవాళ్లు కూడా ఆయన్నే అడిగేవాళ్లు. ఆయనకి మేకల గురించి ఏమీ తెలీదు. తెలీదని మొహం మీదే చెప్పేవాడు. అదే మావాళ్లకి ముచ్చట. తూర్పు జర్మనీ ప్రభుత్వం స్నేహానికి గుర్తుగా పంపిన ఫుట్‌బాల్ కోచ్ ఆయన. కొద్దికాలానికని వచ్చి, పాలటీకీ ఉప్పుగాలికీ అలవాటుపడి ఇక్కడే ఉండిపోయాడు. భార్య ఒక్క వేసవి చూసి వెళ్లిపోయింది. అరబ్బీ వంటబట్టింది గానీ మా మర్యాదలు వంటబట్టలేదు. చేపలవాడైనా, మంత్రయినా ఆయనకి "నువ్వే".

ఒకసారి దేశాన్నేలే పార్టీ పెద్దమనిషి ఒకాయన తన మేనల్లుణ్ణి జట్టులో వేయమని స్వయంగా మైదానానికి వచ్చాడు. గెరోల్డ్ కుర్రాణ్ణి కాసేపు పరిగెత్తించి, "నీ మేనల్లుడికి కాళ్లు బాగానే ఉన్నాయి. బంతి ఎక్కడుందో వాటికి తెలీదు, అంతే" అన్నాడు. ఊరంతా నెల్లాళ్లు నవ్వుకుంది. మా దేశంలో పెద్దవాళ్లతో అలా మాట్లాడి బతికి బట్టకట్టినవాడు ఆయనొక్కడే.

ఆయన జట్టులో ఎడమవైపు ఆడే అల్వాన్ అబ్యన్ ప్రాంతం వాడు. చిన్నప్పుడే మేనత్త ఇంటికొచ్చి ఇక్కడే పెరిగాడు కాబట్టి మాట మాత్రం అచ్చం ఏడెన్ మాట. వాడి తండ్రి హైదరా అబ్యన్ నుంచి వచ్చి, కొడుకుని చెయ్యి పట్టుకుని గెరోల్డ్ దగ్గరికి తీసుకొచ్చాడు. మా దగ్గర కోచ్‌ని కెప్టెన్ అనే పిలుస్తారు.

"కెప్టెన్, వీణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా. ఆటగాణ్ణి చెయ్యి, మనిషినీ చెయ్యి."

"ఆట నేర్పుతా. రెండోది నా వల్ల కాదు, నువ్వే చూసుకో."

హైదరా పడీపడీ నవ్వాడు. ఆ రోజునుంచీ అతనికి గెరోల్డ్ అంటే వల్లమాలిన నమ్మకం.

జట్టులో అబ్యన్ కుర్రాళ్లూ ఉన్నారు, దాలె కొండల కుర్రాళ్లూ ఉన్నారు. గురువారం సాయంత్రం హుషారుకి ఖాత్ ఆకు నమిలేందుకు కూర్చుంటే వీళ్లు ఈ గోడకి, వాళ్లు ఆ గోడకి చేరేవాళ్లు. గెరోల్డ్ నడిమధ్య చాపేసుకుని, ఆకు ముట్టకుండా కూర్చునేవాడు. "నా దగ్గర ఎవడిదీ ఏ ఊరూ కాదు" అనేవాడు. పాపం, అంత తేలికనుకున్నాడు.

ఎనభయ్యారు జనవరిలో పార్టీ పెద్దలు ఒకరినొకరు కాల్చుకున్నారు. మధ్యాహ్నానికల్లా వాళ్ల పగ వీధుల్లోకి దిగింది. అబ్యన్ వాళ్లు ఒకవైపు, కొండలవాళ్లు ఒకవైపు. జట్టు అప్పుడు మైదానంలో ఉంది. మిగతా అబ్యన్ కుర్రాళ్లు గోడ దూకి సముద్రం వైపు పారిపోయారు. అల్వాన్ కూడా దూకబోతే, "వీధిలో కాల్పులు, ఇక్కడే ఉండు" అని గెరోల్డే ఆపాడు. మిగిలినవాళ్లంతా బట్టలు మార్చుకునే గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

తుపాకులతో కొండలవాళ్లు వచ్చారు. వాళ్ల నాయకుడు గెరోల్డ్‌ని చూడగానే గుర్తుపట్టాడు.

"కెప్టెన్, నువ్వు అబద్ధమాడవు. వీళ్లలో అబ్యన్ వాడెవడు?"

"ఎవడూ లేడు."

"మరి ఈ పొడుగాడు?"

గెరోల్డ్ నీళ్లు నమల్లేదు. "మీవాడే. దాలె."

జట్టులోని కొండల కుర్రాళ్లలో ఒక్కడూ నోరెత్తలేదు. దేవుడు వాళ్లని చల్లగా చూడాలి. నాయకుడి మొహం విప్పారింది. అల్వాన్‌ని గట్టిగా వాటేసుకున్నాడు.

"మనవాడివేనట్రా! అక్కడ అన్నలు చస్తుంటే ఇక్కడ నిక్కరేసుకుని కూర్చున్నావా? ఇదిగో, పట్టు."

చేతిలో తుపాకీ పెట్టాడు.

"వాడు ఆటగాడు, సిపాయి కాదు" అన్నాడు గెరోల్డ్.

"ఇప్పుడు ఆటగాళ్లెవరూ లేరు కెప్టెన్."

నిజం చెబితే అక్కడికక్కడే కాల్చేస్తారు. చెప్పకపోతే తీసుకుపోతారు. అల్వానే తుపాకీ భుజానికి తగిలించుకుని "వస్తా కెప్టెన్" అన్నాడు.

విమానాశ్రయం దారిలో వాడి శవం దొరికింది. గెలిచింది కొండలవాళ్లు. తమ అమరవీరుడని వాడి బొమ్మ గోడకెక్కించారు. హైదరా తమ్ముడూ ఆ పోరులోనే అబ్యన్ వాళ్ల వైపు పోరాడి పోయాడు. తమ్ముడికి అబ్యన్‌లో ఊరంతా వచ్చి ఏడ్చింది. కొడుకు పేరు ఎత్తినవాడు లేడు. సొంతవాళ్ల మీద తుపాకీ ఎత్తినవాడికి ఏడుపేమిటి?

దారులు తెరుచుకోగానే గెరోల్డ్ అబ్యన్ వెళ్లాడు. హైదరా గడపలోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మనలేదు, టీ తాగమనలేదు. గెరోల్డ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"తప్పు నాది. అబద్ధమాడింది నేను. వాడు మీకు ఎదురు తిరగలేదు."

హైదరా తలెత్తకుండానే అన్నాడు.

"ఆ రోజు వాడి ప్రాణం కోసం అబద్ధమాడానంటున్నావు. ఇవాళ వాడి పరువు కోసం ఆడుతున్నావేమో. నాకెలా తెలుస్తుంది?"

"నేను నిజం తప్ప..."

"వాళ్లూ అదే నమ్మారుగా కెప్టెన్!"

హైదరాయే మళ్లీ అందుకున్నాడు. "నమ్మాలనే ఉంది. నమ్మితే నా బిడ్డ కోసం ఏడవొచ్చు. చేతకావట్లేదు."

తలుపు వెనక నుంచి అల్వాన్ తల్లి మాట వినిపించింది. "ఇంకొక్కసారి చెప్పమనండి."

గెరోల్డ్ మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. ఈసారి అది ఆయనకే అబద్ధంలా వినబడింది.