ఢిల్లీ పేపర్లో రాని తుఫాను

తుఫాను వార్త చూసి భయంతో ఏడ్చానని అన్నయ్య ఇప్పటికీ చెబుతాడు. అబద్ధం, నేను పోట్లాడాను.

ఢిల్లీలోని ద్వారకలో మా బాల్కనీలో ఇవాళ వానకు తడిసిన పేపరు వాసన ఆ రోజును గుర్తుచేసింది. చిన్నప్పుడు మా ఢిల్లీ క్వార్టర్సుకు తెలుగు పేపరు పోస్టులో మూడు రోజులు ఆలస్యంగా వచ్చేది. అందులో "రేపు బందరులో తుఫాను" అని చదివి నాన్న దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పు నాన్నా!"

"ఆ రేపు ఎప్పుడో అయిపోయిందే పిచ్చిదానా. ఏమన్నా జరిగితే ఇక్కడి పేపర్లో వచ్చేది."

"రాకపోతే జరగనట్టా?"

నాన్న నవ్వు ఆపి, చెప్పులేసుకుని, నన్ను ఫోన్ బూత్‌కు తీసుకెళ్లాడు.

"వంటింటి పెంకులన్నీ ఎగిరిపోయాయే, నేను మాత్రం ఎగర్లేదు!" అని అమ్మమ్మ అంటే ముగ్గురం హాయిగా నవ్వాం.

ఇవాళ మొదటి పేజీ నిండా ఢిల్లీ వాన నీళ్లే. ఆనాడు మా అమ్మమ్మ ఊరి తుఫానుకు ఒక్క వాక్యమైనా ఎందుకు దక్కలేదు?